డిస్క్ జారిందన్నాక అసలేం జరుగుతుంది: నా నడుము నొప్పి అనుభవం

ఎమ్మారై రిపోర్టు చేతిలో పట్టుకుని, అందులో ఒక్క ముక్కా అర్థం కాక, ఇంక జీవితాంతం ఇంతేనా అని కుమిలిపోతున్నవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ కోసం రాస్తున్నాను ఇది. నాకు 43 ఏళ్ళు. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. 2024 నవంబరులో మొదలైన నొప్పి ఏప్రిల్ దాకా నన్ను వదల్లేదు. నొప్పి ఎంత ఉందన్నది ఒక బాధ అయితే, అది ఎప్పుడు వస్తుందో, ఎటు పాకుతుందో, ఏ పనికి ఊరుకుంటుందో, ఏ పనికి ఊరుకోదో తెలియకపోవడం ఇంకా పెద్ద బాధ. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

నవంబరు 13, బుధవారం పొద్దున. వాష్‌బేసిన్ మీదకి వంగి మొహం కడుక్కుంటుంటే తుమ్ము వచ్చింది, నడుములో కలుక్కుమంది. అంతే. బిందె ఎత్తలేదు, బస్తా జరపలేదు, కింద పడలేదు. బేసిన్ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాను, నిటారుగా లేవడం నా వల్ల కాలేదు. మా ఆయన పట్టుకుని మంచం దాకా తీసుకెళ్ళారు. బీరువా అద్దంలో చూసుకుంటే ఒళ్ళు కుడివైపుకి ఒరిగిపోయి ఉంది, సరిచేసుకుందామన్నా రావడం లేదు. "పట్టేసిందమ్మా, కాస్త కాపడం పెట్టుకో, రెండ్రోజుల్లో పోతుంది" అన్నారు అత్తయ్య. నిజంగానే రెండ్రోజుల్లో చాలావరకు తగ్గింది. కార్తీక పౌర్ణమికి గుమ్మంలో దీపాలు కూడా నేనే పెట్టాను.

వారం తిరిగేసరికి నడుములో నొప్పి దాదాపు పోయింది కానీ ఎడమ పిరుదు లోపల ఒకచోట పొడిచినట్టు మొదలై, తొడ వెనక నుంచి పిక్కలోకి, అక్కణ్ణుంచి పాదం బయటి అంచు మీదుగా చిటికెన వేలు దాకా జివ్వుమని లాగేది. దగ్గినా, తుమ్మినా, బాత్‌రూములో కాస్త ముక్కినా కాలంతా పాకేది. నడుము తగ్గింది కదా, ఇదేదో పిక్క పట్టేసి ఉంటుందని ఇంట్లో అందరం అనుకున్నాం. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు పక్కకి జరిగి నడుము దగ్గర నరం మీద ఒత్తిడి పడితే నొప్పి కాలిలో తెలుస్తుందని డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన విషయం, కూర్చోవడమే కష్టం. నడవగలను. మెల్లగా బజారు దాకా వెళ్ళి కూరగాయలు తెచ్చుకోగలను. కానీ కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే పిక్క మండిపోయేది. పొద్దున లేవగానే మొదటి గంట నరకం, పదకొండు తర్వాత కొంచెం తేలిక, మళ్ళీ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మొదటికొచ్చేది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బుతుందని, అందుకే పొద్దున వంగితే దాని మీద ఎక్కువ ఒత్తిడి పడుతుందని, ముందుకి వంగి కూర్చున్నా అంతేనని తర్వాత ఫిజియోథెరపిస్టు చెప్పింది. అది తెలిశాక పొద్దున లేచిన గంటలోపు వంగే పనులన్నీ మానేశాను, ఆ ఒక్క మార్పుతోనే కొంత తేడా తెలిసింది.

ఇంట్లో పనులంటే చీపురు, మాప్ అనుకుంటాం. అవి ఎలాగూ మా అమ్మాయి, మా ఆయన పంచుకున్నారు. ఎవరికీ పంచలేనివి వేరే ఉన్నాయి. మాది ఇండియన్ లెట్రిన్. గొంతుక్కూర్చోవడం కుదరదు, కూర్చున్నా లేవడం కుదరదు. మొదటి వారం తలుపు గడియ పెట్టుకోకుండా వెళ్ళేదాన్ని, లేవలేకపోతే పిలవాలి కదా. తర్వాత మెడికల్ షాపులో 1,400 పెట్టి కమోడ్ కుర్చీ కొన్నాం. స్నానానికి ఎత్తు స్టూలు మీద బకెట్ పెట్టుకుని నిలబడే పోసుకునేదాన్ని. చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు కింద సర్దుకోలేను, మా అమ్మాయి కాలేజీకి వెళ్ళేముందు మోకాళ్ళ మీద కూర్చుని సర్దేది. దానికి టైమ్ లేని రోజు చుడీదార్, అదీ మంచం మీద వెల్లకిలా పడుకుని తొడుక్కోవాలి. అన్నం గంజి వార్చడం పూర్తిగా మానేసి కుక్కర్‌కి మారాం. స్టవ్ దగ్గర నిలబడేటప్పుడు కింద చిన్న పీట వేసుకుని దాని మీద ఒక కాలు పెట్టుకోండి, కొంచెంసేపయ్యాక రెండో కాలు మార్చండి. ఇది నాకు మా పనమ్మాయి చెప్పింది, చాలా పనిచేసింది.

బయటికి వెళ్తే ఇంకో రకం ఇబ్బంది. ఆటో ఎక్కితే ప్రతి స్పీడ్ బ్రేకరూ ముందే కనిపించాలి, రెండు చేతులూ సీటు మీద ఊని నడుము లేపి ఉంచాలి. సిటీ బస్సులో నిలబడే ప్రయాణం చేసేదాన్ని. ఎవరైనా సీటిస్తే వద్దండీ అనేదాన్ని, వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. ఆ నెలలోనే మా ఆడపడుచు వాళ్ళింట్లో పెళ్ళి. పెళ్ళిలో మూడు గంటలూ గోడ పక్కన నిలబడే ఉన్నాను. "ఏంటొదినా, నొప్పన్నావు, ఇంతసేపు నిలబడ్డావు, బాగానే ఉన్నావుగా" అన్నది ఆవిడ. దురుద్దేశంతో అనలేదు. కానీ ఆ మాట చాలా రోజులు మనసులో ఉండిపోయింది. కట్టు ఉండదు, వాపు ఉండదు, జ్వరం ఉండదు. మొహం మామూలుగా ఉంటే ఒళ్ళూ మామూలుగా ఉందనుకుంటారు.

ఇక డాక్టర్ల దగ్గరికి వస్తాను. నవంబరు 25న మొదట ఒక ఎముకల డాక్టరుకి చూపించాం. ఫీజు 500. రెండున్నర గంటలు వెయిటింగ్, అక్కడ ఉన్నవన్నీ ఇనుప కుర్చీలు. నేను వరండాలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. ఎక్స్‌రే తీయించారు, 400. ఎక్స్‌రేలో ఎముకలే తెలుస్తాయి, డిస్కు, నరం కనపడవు, అందుకని నార్మల్ అని వస్తే నొప్పి లేదని అర్థం కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, బి12 మాత్ర, రాత్రికి నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్, నడుముకి బెల్టు (950) రాశారు. ప్రీగాబలిన్ గురించి ఒక మాట. అది వేసుకున్న రాత్రి మొదటిసారి నాలుగైదు గంటలు నిద్ర పట్టింది, ఆ మేలు మర్చిపోలేను. కానీ పొద్దున లేస్తే తల తిరుగుతూ, తూలుతూ, ఆఫీసులో కూడికలు రెండుసార్లు చూసుకోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లో స్కూటీ ముట్టుకోలేదు. దాన్ని మన ఇష్టానికి ఒక్కసారిగా ఆపకూడదు కూడా, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

రెండు వారాలైనా కాలు నొప్పి తగ్గలేదని డిసెంబరు 9న ఎమ్మారై. 5,500 అయింది. పుస్తెలతాడు, గాజులు, చెవి కమ్మలు, పిన్నీసులు అన్నీ తీయమన్నారు. మెట్టెలు కూడా. పుస్తెలతాడు తీసి అత్తయ్య చేతిలో పెట్టాను కానీ కాలివేలు అందుకోలేను. పెళ్ళైనప్పటి మెట్టెలు, వేలుకి బిగిసిపోయి ఉన్నాయి. అక్కడ పనిచేసే ఒకావిడ నేల మీద కూర్చుని, సబ్బు రాసి, నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని "కంగారు పడకమ్మా, రోజూ నలుగురికి తీస్తాను" అంటూ మెల్లగా తిప్పి తిప్పి తీసింది. నాకు ఏడుపు ఆగలేదు. లోపల ఇరవై నిమిషాలకి పైనే వెల్లకిలా కదలకుండా పడుకోవాలి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టినా డబడబమని ఒకటే మోత. మోకాళ్ళ కింద దిండు అడగండి, ఇస్తారు. అది లేకపోతే నేను ఐదు నిమిషాలు కూడా ఉండలేకపోయేదాన్ని. మెట్టెలు మాత్రం ఇంట్లోనే తీసుకుని వెళ్ళండి.

రిపోర్టులో ఎల్4-ఎల్5లో (నడుములో కింది నుంచి రెండో డిస్కు) బల్జ్, అంటే ఉబ్బు, ఎల్5-ఎస్1లో (అన్నిటికంటే కింది డిస్కు) ఎడమవైపు ప్రొట్రూజన్, అంటే డిస్కు కొంత బయటికి పొడుచుకురావడం, అక్కడి ఎస్1 అనే నరం మీద ఒత్తిడి అని రాసి ఉంది. ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే సర్జన్‌గారు ఫిల్ము లైటు ముందు పెట్టి చూసి, ఈ వారంలోనే ఆపరేషన్ చేయించుకోండి, లేటయితే కాలు పడిపోవచ్చు అన్నారు. నన్ను మంచం మీద పడుకోబెట్టి చూడలేదు, నడిపించలేదు. ప్యాకేజీ లక్షా డెబ్బై వేలు. ఇన్సూరెన్స్ ఉంది కానీ, అడ్మిట్ అయితేనే వర్తిస్తుంది, బయట తీయించుకునే స్కానింగులకీ, ఫిజియోకీ రాదని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. మా ఆయన బంగారం లోను గురించి ఫోనులో ఎవరితోనో మెల్లగా మాట్లాడటం వినపడింది. అదే సమయంలో బంధువుల సలహాలు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుము తొక్కించుకోమని ఒకరు, అలాంటి కుర్రాణ్ణి కూడా చూసిపెట్టారు. పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోమని ఇంకొకరు. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్ళకి కదా, నాకు విరిగిందేమీ లేదని చెప్పీ చెప్పీ అలసిపోయాను. అందరూ నా మేలు కోరే చెప్పారు. కానీ నరం మీద ఒత్తిడి ఉన్న మనిషి నడుము మీద తొక్కించుకోవడం చాలా ప్రమాదం, దయచేసి ఒప్పుకోకండి.

మా ఆఫీసులో లెక్కలు చూసే ఆడిటర్‌గారు చెప్తే డిసెంబరు 16న ఇంకో న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఈయన ఫిల్ము పక్కన పెట్టి ముందు నన్ను చూశారు. పడుకోబెట్టి ఎడమ కాలు మోకాలు వంచకుండా మెల్లగా లేపారు, కొంచెం లేవగానే పిక్క దాకా కరెంటు కొట్టినట్టయింది. మడమల మీద నడవమన్నారు, నడిచాను. మునివేళ్ళ మీద నడవమన్నారు, ఎడమ మడమ కుడిదానంత పైకి లేవలేదు. చిన్న సుత్తితో చీలమండ వెనక కొడితే కుడి పాదం ఎగిరింది, ఎడమది ఊరుకుంది. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ ఉందా? మలవిసర్జన మీద అదుపు ఉందా? తొడల మధ్య, కూర్చునేచోట తిమ్మిరి ఉందా? కాలి బలం రోజురోజుకీ తగ్గుతోందా? వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రాత్రి ఎమర్జెన్సీకి రావాలన్నారు. నాకు అవేవీ లేవు.

"ఆరు వారాలు చూద్దామమ్మా. బయటికి వచ్చిన డిస్కు ముక్కని చాలామందిలో శరీరమే మెల్లగా కరిగించేసుకుంటుంది. బలం తగ్గితే ఆపరేషన్, తగ్గకపోతే తొందరేం లేదు" అన్నారు. మరి ఎల్4-ఎల్5లో బల్జ్ సంగతేంటని మా ఆయన అడిగారు. నొప్పే లేని నలభై ఏళ్ళవాళ్ళకి స్కాన్ తీసినా సుమారు సగం మందిలో బల్జ్ కనపడుతుందని, 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో అది తేలిందని, మీ ఆవిడకి నొప్పి పాకే దారి, సుత్తి పరీక్ష, కింది డిస్కు మూడూ కలుస్తున్నాయి కాబట్టి ఆ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటున్నానని చెప్పారు. ఆ మాటతో మా ఇద్దరికీ సగం టెన్షన్ పోయింది. రిపోర్టులో ఉన్న ప్రతి మాటా జబ్బు కాదని మాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఫిజియో డిసెంబరు మూడో వారంలో మొదలైంది, సిట్టింగుకి 400. ఆ అమ్మాయి మొదటి రోజు మిషను పెట్టలేదు, ఒక ఫారం ఇచ్చింది. ఆస్వెస్ట్రీ అంటారట, 1980 నుంచి వాడుతున్నారట. పది అంశాలు: నొప్పి, సొంత పనులు, బరువులెత్తడం, నడక, కూర్చోవడం, నిలబడటం, నిద్ర, దాంపత్యం, నలుగురిలో తిరగడం, ప్రయాణం. ఒక్కోదానికి ఆరు జవాబులు. దాంపత్యం దగ్గర ఆగిపోతే "అది వదిలేయొచ్చు అక్కా, మిగతావాటితో లెక్క కడతాం" అంది. శాతం ఎంత ఎక్కువ వస్తే ఇబ్బంది అంత ఎక్కువన్నమాట, నాకు 58 శాతం వచ్చింది. అన్ని రోజులుగా ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయినవన్నీ ఆ కాగితంలో వరసగా అడిగారు. పడుకుని బట్టలు వేసుకోవడం, బస్సులో కూర్చోలేకపోవడం, ఏ పేరంటానికీ పోలేకపోవడం, ఇవన్నీ ఈ నొప్పిలో భాగమేనని, నేను పెంచి చెప్పడం లేదని తెలిసి మనసు తేలికపడింది.

వ్యాయామం చాలా చిన్నది. బోర్లా పడుకోవాలి, కొన్ని రోజులు అంతే. తర్వాత మోచేతుల మీద లేవాలి, ఆ తర్వాత అరచేతులు ఊని నడుము కిందే ఉంచి ఛాతీ పైకెత్తాలి. రెండు మూడు గంటలకొకసారి చేయాలి. దాంతోపాటు నడక, మొదట పది నిమిషాలు, వారం వారం పెంచుకుంటూ. ఇక్కడే ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. చేయడం మొదలుపెట్టిన వారానికి నాకు నడుములో నొప్పి పెరిగింది. భయపడి ఆపేద్దామని ఫోన్ చేశాను. "పిక్కలో ఎలా ఉందక్కా?" అని అడిగింది. పిక్కలో లేదు. పాదంలో నొప్పీ లేదు. "అయితే మంచిదే, నొప్పి పైకి ఎక్కుతోంది" అంది. కాలి నుంచి నడుముకి వెనక్కి వస్తుంటే నరం మీద ఒత్తిడి తగ్గుతున్నట్టట, నడుములో కాస్త ఎక్కువైనా పర్లేదట. అదే నొప్పి కిందికి దిగుతుంటే మాత్రం ఆ వ్యాయామం ఆపి వాళ్ళకి చెప్పాలి. ఆ రోజు నుంచి నొప్పి ఎంత అని కాకుండా ఎక్కడిదాకా అని చూసుకోవడం నేర్చుకున్నాను. గోడ క్యాలెండర్‌లో ప్రతి రాత్రి "పాదం", "పిక్క", "తొడ", "పిరుదు" అని ఒక్క మాట రాసేదాన్ని.

బెల్టు కూడా ఆ అమ్మాయే మాన్పించింది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కాసేపు ధైర్యానికి పెట్టుకో, రోజంతా వద్దు అంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో కూడా బెల్టులు, నడుము లాగే ట్రాక్షన్ వద్దనే ఉంది. అది దీర్ఘకాలంగా ఉన్న మామూలు నడుము నొప్పుల గురించి, నాలాంటి నరం నొప్పికి అచ్చంగా వర్తిస్తుందని అనను, కానీ మంచం మీదే పడి ఉండకుండా కదులుతూ ఉండాలన్న మాట మాత్రం నేను రెండోసారి చూపించుకున్న న్యూరోసర్జన్ దగ్గరా ఫిజియోలోనూ ఒకేలా చెప్పారు.

సంక్రాంతికి రేపల్లె దగ్గర మా పుట్టింటికి బస్సులో వెళ్ళాం. అప్పటికి నొప్పి పిరుదు దాకా వచ్చేసింది, వెళ్ళగలననిపించింది. దారిలో సగం నిలబడ్డాను, సగం కూర్చున్నాను. భోగి నాటి రాత్రి మళ్ళీ పిక్క దాకా దిగింది. పండగంతా మా అమ్మ గదిలో బోర్లా పడుకునే గడిచింది, వాకిట్లో అందరూ ముగ్గు వేస్తుంటే కిటికీలోంచి మాటలు వినపడేవి, ఏ రంగు ఎక్కడ వెయ్యాలో మా చెల్లెలు అరిచి అడిగేది. అంతా మొదటికొచ్చింది, ఇంక ఆపరేషనే అని మా ఆయనతో అన్నాను. తిరిగొచ్చాక పదిరోజుల్లో మళ్ళీ పైకి వెళ్ళింది. ఈ నొప్పి తగ్గేది తిన్నగా తగ్గదు, రెండడుగులు ముందుకి వేసి ఒకటి వెనక్కి వేస్తుంది, కానీ వెనక్కి వచ్చిన ప్రతిసారీ అంతకుముందుకంటే తొందరగా సర్దుకుంటుంది. నా క్యాలెండర్ తిప్పి చూసుకుంటే అది స్పష్టంగా కనపడుతుంది.

జనవరి చివర న్యూరోసర్జన్‌గారు మళ్ళీ చూశారు. కాలు ఈసారి చాలా పైకి లేచింది, మునివేళ్ళ మీద నడక మెరుగైంది. ఆపరేషన్ మాట ఇంక లేదు. ప్రీగాబలిన్ మెల్లగా తగ్గించి ఫిబ్రవరిలో ఆపించారు. అప్పటికి మిర్చి సరుకు దిగడం మొదలై ఆఫీసులో ఊపిరాడని పని. ఓనర్‌గారు మొదట విసుక్కున్నా, ఇనుప బీరువా ఎత్తు సరిపోతుందని చూసి దాని మీద కంప్యూటర్ పెట్టించారు. సగం రోజు నిలబడి, సగం రోజు కూర్చుని చేశాను.

నొప్పి తగ్గాక కూడా భయం తగ్గలేదు, అది నేను ఊహించలేదు. మార్చిలో మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు. ఒక పొద్దున దాని హాల్ టికెట్ మంచం కిందకి జారింది. ఇంట్లో ఇద్దరమే. అది స్నానంలో ఉంది. నాకు నొప్పి లేదు, అయినా వంగడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు, చెమటలు పట్టాయి. ఫిజియోలో నేర్పినట్టు ఒక మోకాలు నేల మీద ఆనించి, మంచం కోడు పట్టుకుని, నడుము వంచకుండా దిగి అందుకున్నాను. లేచాక ఏమీ కాలేదు. ఆ తర్వాత ఫిజియో అమ్మాయి వారం వారం నాచేత కావాలని వంగించింది, ముందు ఖాళీ బుట్ట, తర్వాత రెండు కిలోల బియ్యం, తర్వాత ఐదు. భయం పోవడానికి నొప్పికి పట్టినంత కాలం పట్టింది.

ఖర్చు ఎంతని చాలామంది అడుగుతున్నారు. డాక్టర్లు, ఎక్స్‌రే, మందులు కలిపి తొమ్మిది వేల దాకా, ఎమ్మారై 5,500, ఫిజియో పదకొండు వేల చిల్లర, కమోడ్ కుర్చీ, బెల్టు, ఆటోలు. మొత్తం ముప్పై వేలు దాటింది. డిసెంబరులో సెలవు పెట్టినందుకు పోయిన జీతం వేరే.

ఏప్రిల్ చివర్లో ఫారం మళ్ళీ నింపితే 22 శాతం వచ్చింది. ముప్పావు గంట కూర్చోగలుగుతున్నాను, ఫోనులో అలారం పెట్టుకుని లేస్తాను. స్కూటీ దగ్గరి దూరాలకి నడుపుతున్నాను. గ్యాస్ బండ మాత్రం ఇప్పటికీ ముట్టుకోను. ఎడమ పాదం బయటి అంచు, చిటికెన వేలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, చెప్పు జారినా తెలియదు, అందుకని వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటున్నాను. సుత్తితో కొడితే ఎడమ పాదం ఇప్పటికీ కదలదు. అది తిరిగి రాకపోవచ్చని, నడకకి దానివల్ల ఇబ్బంది లేదని డాక్టరుగారు చెప్పారు. మళ్ళీ నొప్పి రావచ్చు అని కూడా చెప్పారు. వస్తే మొదటి రెండు రోజులు ఏం చేయాలో, ఏ మాత్ర ఎంతవరకు వేసుకోవచ్చో, ఏ లక్షణం కనపడితే తిన్నగా ఆసుపత్రికి రావాలో ఆయన చేతే తెలుగులో రాయించుకుని బీరువా తలుపుకి లోపల అంటించాను. మా ఆయనకీ, మా అమ్మాయికీ కూడా చదివి వినిపించాను.